మోచెయ్యి

బిట్రగుంట లోకోషెడ్డు వెనక
సర్కారు తుమ్మ నరుక్కుంటూ పోతే
మూడో వరసలో ఉండాడు జకరయ్య.
సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు మేకుతో రాశారు పేరు.
పలక చాల్లేదు.
"బందెల జకర" దాకా వచ్చి
మిగతా అక్షరాలు కిందికి జారి
పక్క సమాధి వైపు చూస్తుంటాయి.

నేను ఆయనకి కీపర్ని.
తొమ్మిదేళ్లు వికెట్ల వెనక కూర్చున్నా.
ఈ ఎడమచేతి చూపుడువేలు చూడండి,
పెన్న మలుపు తిరిగినట్టు తిరిగుండాది.
గూడూరు మ్యాచ్‌లో ఆయన ఇచ్చిందే.
వాన పడే ముందు ఇప్పటికీ లాగుతుంది.

పిలకాయప్పుడు అల్లూరు కాడ జొన్నచేలో
మంచె మీద నిలబడి ఒడిసెల తిప్పేవాడంట.
పిట్టని కొట్టడు,
పిట్ట ముందున్న గాలిని కొడతాడు.
మంచె విరిగిన రోజు మోచెయ్యీ విరిగింది.
పుత్తూరు దాకా పోయే డబ్బుల్లేక
ఊళ్ళోనే ఎవరో వెదురుబద్దలు పెట్టి కట్టారు.
ఎముక అతుక్కుంది,
చెయ్యి మాత్రం చాపినంత చాపురాలేదు మళ్ళీ.

పద్నాలుగో ఏట, కదిలే గూడ్సులో నించి
తలమంచి సిగ్నలు దీపం పగలగొట్టాడు రాయితో.
పట్టుకొచ్చిన పోర్టరు రెండు తగిలించాడు.
షెడ్డు ఫోర్‌మన్ డిక్రూజ్ దొర మాత్రం
"ఎంత దూరం నించి?" అని అడిగాడు.
పద్దెనిమిదేళ్లని రాయించి కలాసీ ఉద్యోగం,
ముప్పై రూపాయలు, కరువుభత్యం,
మ్యాచ్ ఉన్న రోజు బొగ్గు ఎత్తక్కర్లేదు.
రిజిస్టర్లో పుట్టిన తేదీ జులై ఒకటి.
వాళ్ళమ్మ లెక్కలో ఉప్పెన వచ్చిన మర్నాడు.

పద్నాలుగు అడుగులు పరిగెత్తేవాడు.
మొదటి ఆరూ
కావడి నీళ్లు తొణక్కుండా మోస్తున్నంత నిదానం.
ఆ తర్వాత ఏమయ్యేదో నాకు కనబడేది కాదు.
బంతి వినబడేది.
గ్లవ్సులో పడ్డాక కూడా కాసేపు గింజుకునేది
వల్లో కొరమీను లాగా.

అరక్కోణం వాళ్ళ మీద
పంతొమ్మిది పరుగులకి ఏడుగురు!
ఆ రాత్రి ఇన్‌స్టిట్యూట్‌లో విందు.
ఆయనకి సోడా, కేకు ముక్క
బయట మెట్ల మీదికి పంపించారు.

తర్వాతి వారమే
మద్రాసు నించి వచ్చిన అంపైరు చెయ్యి అడ్డంగా చాపాడు.
నోబాల్.
మళ్ళీ నోబాల్.
ఓవర్ ఎంతకీ అయిపోదు.
"వీడు బౌలింగ్ చెయ్యట్లేదు, విసురుతున్నాడు."
చొక్కా మడిచి మోచెయ్యి చూపించాడు జకరయ్య,
చిన్నప్పటిదయ్యా అన్నాడు.
ఆటకి చిన్నప్పుడనేది ఉండదు.
సోమవారం నించి బొగ్గు.

నెల్లూరు మిషన్ ఆసుపత్రిలో ఓ అమెరికా డాక్టరమ్మ
ఆ చెయ్యిని వెలుతురుకి పట్టి చూసి నవ్విందంట:
మా దేశంలో బేస్‌బాల్ అని ఒక ఆటుంది,
విసిరేవాడే అందులో గొప్పోడు,
మట్టిదిబ్బ కట్టి వాణ్ణి దాని మీద నిలబెడతారు.
ఆ మాట ముప్పయ్యేళ్లు చెప్పాడు జకరయ్య.
బొగ్గు పోయి డీజిలొచ్చినా,
డీజిల్ పోయి కరెంటొచ్చినా అదే మాట.
"నా చెయ్యి తప్పు కాదు పెంచలా,
తప్పు ఆటలో పడ్డా."

పోయిన్నాడు
పెట్టె చేసింది కావలి వడ్రంగి మస్తాను.
మూత పడలేదు.
కుడి మోచెయ్యి పైకి లేచే ఉంది.
ఎవరో నొక్కబోతే కూతురు కరుణమ్మ
"ఒద్దన్నా, అట్నే ఉండనీండి" అనింది.
మస్తాను మాట్లాడకుండా రంపం తీసుకుని
పక్కచెక్క ఊడదీసి
నాలుగంగుళాలు వెడల్పు చేశాడు.
దానికి డబ్బు తీసుకోలేదు.

మొన్న గేటు కాణ్ణించి ఆయన దాకా లెక్కబెట్టా,
పద్నాలుగు వస్తాయేమోనని.
ముప్పై ఒకటి వచ్చాయి.
నావి ముసలి అడుగులు.
పలక చుట్టూ మట్టి వానకి కుంగిపోయింది.
ఒక గంప ఎర్రమట్టి పోయించా,
ఇంకో గంప, ఇంకో గంప.
"ఎంత ఎత్తుండాల తాతా?"
అడిగాడు కూలికొచ్చిన పిలగాడు.
నాకేం తెలుసు, ఆ ఆట నేను చూళ్ళేదు.

నిలబడేటంత, అన్నా.